అక్షరానికి ఎనభై

కోట వీధి మలుపులో నా కొట్టు.
టెక్కలి నీలం రాయి, నాలుగు ఉలులు,
రేకు మీద సుద్దతో ధర: అక్షరానికి ఎనభై.
శిలువకి వేరే.

మైలపల్లి వాళ్ళ క్లెమెంటు వచ్చాడు మంగళవారం,
జేబులో తడిసి ఆరిన కాగితం.
మా పెద్దమ్మ పేరండీ, అన్నాడు.
గెర్ట్రూడ్.
చూడగానే మణికట్టు బరువెక్కింది.
రకారం, దాని కింద ట వత్తు, పక్కన క్రారవడి, పైన కొమ్ము దీర్ఘం,
ఒక్క తెప్ప మీద నలుగురు ఎక్కినట్టు.
'ఇది ఒక అక్షరమా, నాలుగా?'
ముప్పై యేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.

చివర పొల్లొకటి.
మన మాట ఏదైనా నోరు తెరిచే ఆగుతుంది,
ఈ పేరు తలుపేసుకుంటుంది.
జాలారిపేట ఊరుకుంటుందా?
గట్రూడమ్మ అంది, గట్టురూడి అంది.
ఆస్పత్రి వరండాలో పిల్లలకి గట్టమ్మ.
రేషన్ కార్డులో గర్తుడు.
పెన్షన్ కాగితంలో జి. భర్త: ట్రూడు.
పెళ్ళే లేని మనిషిని
ఆ ట్రూడు చచ్చిన సర్టిఫికెట్టు తెమ్మని
రెండేళ్ళు తిప్పారు.

పెట్టింది జర్మనీ నుంచి వచ్చిన ఓ సిస్టరట.
తొమ్మిదో కాన్పు. బిడ్డ ఏడవలేదు.
సిస్టరు కాళ్ళు పట్టి తలకిందులు చేసి
తన తల్లి పేరు పెట్టి పిలిచిందట, గట్టిగా, కోపంగా.
అప్పుడు ఏడ్చింది.

అర్థం ఫాదర్ జోజప్ప చెప్పారు
సమాధుల తోట గేటు దగ్గర, గొడుగు కింద.
పాత జర్మను మాట. గెర్ అంటే బల్లెం, ట్రూడ్ అంటే బలం.
కాదు, ప్రియమైనది అని కూడా అంటారు కొందరు, అన్నారు.
ఆడపిల్లకి బల్లెం అని పేరు పెట్టిన ఆ మొదటి తండ్రి
ఆ పొద్దున ఏ అడుగులు చూశాడో మంచులో.
క్లెమెంటు నవ్వాడు:
'మా తాత సొరని పొడిచిన బల్లెం ఇంకా దూలంలోనే ఉందండీ.'

ఫాదరు ఆగలేదు. గొడుగు మారుస్తూ చెప్పారు.
ఈ పేరుతో ఒకావిడ, పదమూడు వందల యేళ్ళ కిందట,
ఒక మఠానికి పెద్ద.
పొలంలో ఎలకలు పడితే రైతులు ఆమెకే మొక్కేవారు,
పటంలో చేతికర్ర మీద ఎలకలు పాకుతుంటాయి.
ఇంకొకావిడ ఒంటికి కొవ్వు పూసుకుని
ఇంగ్లీషు కాలువ ఈదేసింది,
అప్పటిదాకా ఈదిన మగాళ్ళ లెక్కకి రెండు గంటలు తక్కువలో.

మన గట్రూడమ్మకి ఎలకంటే హడలు,
వార్డులో తోక కనబడితే మంచమెక్కేది.
పుట్టింది సముద్రం ఒడ్డునే,
దిగింది మాత్రం మోకాలి దాకా.

మూడో ఆవిడ సంగతి ఫాదరు గొంతు తగ్గించి చెప్పారు.
చేసుకోబోయే వాడు జబ్బుతో పోతే
అమెరికాలో ప్రయోగశాలలోనే ఉండిపోయింది.
పిల్లల నెత్తుటి క్యాన్సరుకి మందు తీసింది.
పసుపు బిళ్ళ.

కేజీహెచ్ పిల్లల వార్డులో
ఇరవై రెండేళ్ళు ఆయా పని చేసింది గట్రూడమ్మ.
నర్సు చెప్పినన్ని సగాలు విరిచి
ఒక్కో నాలుక మీద పెట్టేది,
మింగేదాకా చెయ్యి గడ్డం కింద నుంచి తీసేది కాదు.
ఆ బిళ్ళ కనిపెట్టినామెదీ
తన పేరేనని ఎవరూ చెప్పలేదు.
చెబితే ఏమనేదో.
ఆమెకీ ట్రూడు బాధ తప్పలేదా, అనేదేమో.

గురువారం చెక్కాను.
క్రారవడి తిరిగే చోట పెచ్చు లేచింది,
సన్నగా, మొన తేలి.
రాతిపొడీ జిగురూ కలిపితే కనబడదు.
కలపలేదు.
క్లెమెంటుకీ చెప్పలేదు.

కింద గట్రూడమ్మ అని కూడా వెయ్యమన్నాడు.
లెక్క: ఇంటిపేరు నాలుగు, గె ఒకటి,
తెప్ప మీది నలుగురూ కలిపి ఒకటే,
అమ్మతో నాలుగు. మొత్తం పది.
పొల్లుకి పైసా వెయ్యలేదు.
ఎనిమిది వందలకి ఐదొందలిచ్చాడు,
మిగతాది వేట నిషేధం తీసేశాక.

రాయిని ఆటోలో ఎక్కించాం.
కుర్రాడు తాళ్ళు బిగిస్తూ చదవబోయాడు.
గె, అన్నాడు. గెర్, అన్నాడు.
వెనక బస్సు హారను కొడుతున్నా
అక్కడే నిలబడ్డాడు, నోరు తెరుచుకుని.